ఉద్యోగం పోయినవారి ఇంట్లో రోమా 8:28

బెంగళూరులో, మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో, ఒక తెలుగు విశ్వాసికి ఐటీ ఉద్యోగం పోతే ఆ వారం గృహకూడిక వాళ్ల ఇంట్లోనే పెడుతుంటారు. మంచి అలవాటు. అయితే కూర్చున్న పది నిమిషాల్లోనే ఎవరో ఒకరు “సమస్తమును సమకూడి జరుగుచున్నవి బ్రదర్, బాధపడకండి” అనేస్తారు. అది రోమా 8:28ని సగం చదవడమే. దేవుని ప్రేమించువారికి “మేలుకలుగుటకై” సమస్తమును సమకూడి జరుగుచున్నవని అక్కడ ఉంది. ఆ మేలు ఏమిటో 29వ వచనం చెబుతుంది: దేవుని కుమారుడైన యేసు పోలికలోకి మారడం. ఇంతకంటే పెద్ద ప్యాకేజీ వస్తుందని ఈ పత్రిక రాసిన పౌలు ఎక్కడా అనలేదు. మేలంటే పెద్ద ప్యాకేజీ అనుకున్న మనిషి, ఆరు నెలలైనా ఇంటర్వ్యూలు తేలకపోతే, ఏ పాపానికి ఈ శిక్ష అని తనలో తాను వెతుక్కోవడం మొదలుపెడతాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అదే. వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3).

యోసేపు మాట కూడా తొందరపడి వాడేస్తాం. లెక్క చూడండి. 17 ఏళ్లప్పుడు అన్నలు గుంటలో పడేసి, అమ్మేశారు; 30 ఏళ్లకు ఐగుప్తు రాజైన ఫరో ముందు నిలబడ్డాడు. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరవు గడిచాక, అంటే దాదాపు 39 ఏళ్లప్పుడు, “నన్ను పంపింది దేవుడే” అని ఆ అన్నలతో అన్నాడు. గుంటలో ఉన్న పిల్లవాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. 22 ఏళ్ల తర్వాత, దెబ్బ తిన్నవాడే తన నోటితో చెప్పాడు.

దేవుడు ముందే నిర్ణయించాడా, మనుషుల చేతలను అనుమతించి వాటిలోంచి మేలు తీస్తాడా అన్నది క్రైస్తవ బోధకులైన కాల్విన్ మార్గంవారికీ వెస్లీ మార్గంవారికీ పాత చర్చ. అవసరమైన చర్చే, కానీ ఆ రాత్రికి కాదు. కీడుకు కర్త దేవుడు కాడని ఇద్దరూ ఒప్పుకుంటారు, ఆ ఇంట్లో అది చాలు.

“అంతా దేవుని చిత్తం” అని చేతులు ముడుచుకున్నవారికి అపొస్తలుల కార్యములు 27 చదివి వినిపించాలి. తుఫానులో చిక్కిన ఓడలో 276 మంది, వాళ్లలో ఖైదీగా పౌలు. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత మాట ఇచ్చేశాడు. అయినా నావికులు పడవ దించుకుని జారుకోబోతే, వీళ్లు ఓడలో ఉంటేనే మీరు బతుకుతారని పౌలు శతాధిపతిని, అంటే రోమా సైనికాధికారిని, హెచ్చరించాడు; సైనికులు ఆ పడవ తాళ్లు కోసేశారు. పద్నాలుగు రోజులుగా పస్తున్నవాళ్లను బతిమాలి తినిపించాడు. వాగ్దానం, తాడు కోయడం, రొట్టె, అన్నీ ఒకే కథలో ఉన్నాయి. కాబట్టి రెజ్యూమె పంపడం అవిశ్వాసం కాదు.

ఇక ప్రార్థన. 13వ కీర్తనకు ఆరే వచనాలు: రెండు మొర, రెండు విన్నపం, రెండు నమ్మకం. చాలా కూడికల్లో చివరి రెండింటికి దూకేస్తాం. ఇంటివాళ్ల చేతే మొదటి రెండూ చదివించి, తర్వాత కాసేపు ఊరుకోండి. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే తప్పారు.

వెళ్లేముందు విడిగా అడగాల్సినవి: ఈ నెల అద్దె, పిల్లల ఫీజు, ముసలివాళ్ల మందులు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది, అది చాలామందికి ఆసుపత్రి మెట్లెక్కాకే గుర్తొస్తుంది. మూడో నెలలో కూడా ఒకసారి వెళ్లండి. అప్పటికి ఫోన్లు రావడం మానేసి ఉంటాయి.