గోధుమ పొలాల మధ్య నీలం చెట్టు

ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి తూర్పు వైపు గోధుమ పొలాల్లోకి బయలుదేరితే, దారిలో ఎక్కడో ఒకచోట మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా నీలం రంగు పూసిన ఎండు చెట్టు కనిపిస్తుంది. ఎవరో సరదాకి వేసుంటార్లే అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ. పిల్లలున్న తెలుగువాళ్లు మాత్రం ఒక్కసారి కారాపి, దాని కథ ఇంటిల్లిపాదీ చెప్పుకోవాలని నా కోరిక.

ఆ కథ పెర్త్‌కి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని ముకిన్‌బుడిన్ అనే చిన్న ఊరి దగ్గర మొదలైంది. 2014లో అక్కడి రైతు కుటుంబానికి చెందిన జేడెన్ వైట్, స్నేహితుడితో కలిసి తమ పొలంలో ఒక ఎండు చెట్టుకు నీలం రంగు వేశాడు. నాన్న ఎన్నాళ్లకు గమనిస్తాడో చూద్దామనే అల్లరి, అంతే. 2018లో జేడెన్ ఆత్మహత్యతో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 29. అంత్యక్రియల్లో ఈ చెట్టు ముచ్చట చెప్పుకున్నవాళ్లు, అతని గుర్తుగా మరో ఎండు చెట్టుకు నీలం పూశారు. ఆ ఫొటో ఊళ్లు దాటిపోయింది. జేడెన్ తోబుట్టువు కెండల్ వైట్ ఆ పనిని ‘బ్లూ ట్రీ ప్రాజెక్ట్’ అనే స్వచ్ఛంద సంస్థగా నిలబెట్టింది. ఇప్పుడు ఇలాంటి చెట్లు వెయ్యికి పైనే ఉన్నాయి, ఆస్ట్రేలియా బయట కూడా. మనసు బాగోలేనప్పుడు ఆ మాట పైకి చెప్పడంలో తప్పు లేదని దారిన పోయేవాళ్లకు గుర్తు చేయడమే వాటి పని.

ఇష్టమొచ్చిన చెట్టుకి రంగు పూయకూడదు. అది పూర్తిగా ఎండిపోయినదై ఉండాలి. స్థలం యజమానిదో, స్థానిక పాలక సంస్థ అయిన షైర్ కౌన్సిల్‌దో అనుమతి కావాలి. తొర్రల్లో పక్షులు కాపురం ఉంటే ఆ చెట్టు జోలికి పోకూడదు. ఇక్కడి కార్నబీ కాకటూలు, అంటే చిలుక జాతికి చెందిన ఒక రకం నల్ల కాకటూలు, అలాంటి తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. రంగు కూడా నీళ్లలో కలిసే రకం, విషం లేనిది వాడాలి.

అలా రంగు వేసే ఒక కార్యక్రమానికి మేం నలుగురం వెళ్లాం. మా ఆయన ఈ రాష్ట్రం ఉత్తరాన ఉన్న పిల్బరాలో గనుల పని చేస్తారు. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. విమానంలో పోయి వచ్చే ఈ రకం ఉద్యోగాలు మనసు మీద వేసే భారం గురించి వెస్టర్న్ ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ విచారణ చేసి 2015లో నివేదిక ఇచ్చింది. మా ఇంట్లో ఆ భారానికి పేరు పెట్టి ఎవరూ మాట్లాడేవారు కాదు. “డాడీ అలసిపోయారు” అనేవాళ్లం.

ఎండిన మాను మొదటి పూత రంగు మొత్తం లాగేసుకుంటుంది. చేత్తో తడిమితే ఏమీ పూయనట్టే గరుగ్గా ఉంటుంది. రెండో పూతకి గానీ నీలం నిలబడదు. పై కొమ్మలకి పొడుగు కర్ర కట్టిన రోలరుతో పెద్దవాళ్లు వేస్తుంటే, మొదలంతా పిల్లలకి వదిలేశారు. ఒక పక్క సాసేజ్ సిజిల్ (చందాల కోసం సాసేజ్‌లు కాల్చి అమ్మడం), ఆ బల్ల మీదే చందాల డబ్బా. ఒక డాలరో రెండు డాలర్లో, ఎవరి చేతిలో ఉన్న గోల్డ్ కాయిన్ వాళ్లు వేస్తున్నారు. బడుల్లో, పని చోట్ల మానసిక ఆరోగ్యం మీద పెట్టే కార్యక్రమాలకు ఇలాంటి చందాలు సాయపడతాయి.

మా ఆయన పక్కన ఒక పెద్ద వయసు రైతు రోలరు పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూపంతా కొమ్మ మీదే. వానలు పడని ఏడాది తనకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదని, చివరికి భార్యే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లిందని ఆయన చెబుతున్నాడు. కాసేపటికి మా ఆయన నోటి నుంచి క్యాంపు గది గురించి, ఆ రాత్రుళ్ల గురించి మాటలు వచ్చాయి. అవి నేనూ మొదటిసారి వినడమే. పిల్లలూ విన్నారు. చేతికి పని ఉండి, కళ్లు పెట్టడానికి ఒక కొమ్మ దొరికితే మగవాళ్లకి మాట పెగులుతుందని ఆ రోజే చూశాను.

తర్వాత మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఆ దారినే వెళ్తుంటే, “అదేమిటే, ఎండు చెట్టుకి ఆ రంగేంటి?” అంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి చెప్పడం మొదలెట్టింది. దానికి పద్నాలుగేళ్లు. తెలుగు తడబడుతూ మాట్లాడుతుంది గానీ ఆపదు. “అమ్మమ్మా, కాళ్లు నొప్పెడితే చెప్తావు కదా, మనసు నొప్పెట్టినా చెప్పాలని వేశారు” అంది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత వాళ్ల చిన్నన్నయ్య గురించి మొదలుపెట్టింది. ఆయన గది తలుపు తీయకుండా ఏళ్లు గడిపాడట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారట. అమ్మకి వచ్చే పెళ్లి సంబంధాలకి అడ్డొస్తుందని ఊళ్లో ఎవరికీ చెప్పలేదట. నాకు ఒక మేనమామ ఉన్నాడన్న సంగతే ఆ కార్లో తెలిసింది. “ఆయనకి ఏం ఇష్టం అమ్మమ్మా?” అని మా అమ్మాయి అడిగింది. జబ్బు గురించి అడగలేదు. అమ్మ, ఆయన ఈల వేసి పాడే పాటల దాకా వెళ్లింది.

పిల్లలు మన నుంచి తెలుగు నేర్చుకుంటున్నారని సంతోషిస్తాం. వాళ్లు ఇక్కడ బడిలో నేర్చుకున్న ఈ ధైర్యం మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి అందాలి.

తుఫాను వచ్చిందన్నా, ఎవరికో ఆపరేషన్ అన్నా ఇక్కడి మన తెలుగు సంఘాలు ఒక్క సాయంత్రంలో డబ్బు పోగు చేస్తాయి. అది మన గొప్ప గుణం. మనమూ ఒక నీలం చెట్టు వేద్దామని అడిగినప్పుడు కూడా చందా ఇవ్వడానికి ఎవరూ వెనకాడలేదు. “చెట్టు దగ్గరికి రండి, బ్రష్ పట్టుకోండి” అంటేనే తటపటాయించారు. ఫొటోలో కనిపిస్తే, వీళ్లింట్లో ఏదో ఉందనుకుంటారని ఒకావిడ భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆవిడ భయం పోగొట్టేది డబ్బు కాదు, పక్కన నిలబడ్డ పది తెలుగు కుటుంబాలే.

ఈలోగా ప్రతి ఇంట్లో ఈ నంబర్లు ఫోన్లో ఉండాలి. పెద్దలకి లైఫ్‌లైన్ 13 11 14, పిల్లలకీ పాతికేళ్ల లోపు వాళ్లకీ కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800. 12 నుంచి 25 ఏళ్ల వాళ్ల మానసిక ఆరోగ్యం కోసం హెడ్‌స్పేస్ కేంద్రాలున్నాయి. ఇంటి డాక్టరు మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాసిస్తే, సైకాలజిస్టు దగ్గర ఏడాదికి పది సెషన్ల దాకా ఖర్చులో కొంత మెడికేర్, అంటే ప్రభుత్వ ఆరోగ్య పథకం, భరిస్తుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి.

మేం ఒక చెట్టు చూసుకున్నాం, షైర్‌కి అర్జీ పెట్టాం. తొర్రలు చూసి చెబుతామన్నారు. తేదీ మాత్రం సెలవుల్ని బట్టి కాకుండా, అమ్మమ్మలూ తాతయ్యలూ ఇక్కడుండే నెలల్ని బట్టి పెట్టాలని నా పట్టుదల.