మలాశయ క్యాన్సర్‌ను రెండోసారి చదివినప్పుడు: నీట్ ఎస్‌ఎస్ మిత్రులకు నా ప్రిపరేషన్ అనుభవం

జనరల్ సర్జరీలో ఎంఎస్ పూర్తిచేసి, సర్జికల్ ఆంకాలజీలో (క్యాన్సర్ శస్త్రచికిత్స) ఎంసీహెచ్ సీటు కోసం నీట్ ఎస్‌ఎస్ అనే సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఈ అనుభవం రాస్తున్నాను. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత అన్న సంగతి మీకు తెలిసిందే కాబట్టి పరీక్ష స్వరూపం గురించి ఇక్కడ చెప్పను. మలాశయ క్యాన్సర్ అనే ఒక్క అధ్యాయాన్ని మొదటి ఏడాది ఎలా చదివి దెబ్బతిన్నానో, రెండో ఏడాది అదే అధ్యాయం ఎలా చేతికి చిక్కిందో మాత్రమే చెబుతాను.

మొదటి ఏడాది నా నోట్సులో ట్రయల్స్ (రోగుల్లో చికిత్సలను పోల్చిచూసిన పరిశోధనలు) పట్టిక ఒకటి ఉండేది. పేరు, సంవత్సరం, రేడియేషన్ మోతాదు, శాతం అన్నీ అందులో ఉండేవి. అన్నీ కంఠతా వచ్చేవి. ఒక మాక్ టెస్టులో 58 ఏళ్ల రోగికి మలద్వారం అంచు నుంచి 13 సెంటీమీటర్ల ఎత్తులో, పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మడతకు పైన గడ్డ ఉందనీ, ఎమ్మారైలో టీ3ఏ (గడ్డ పేగు గోడను కొద్దిగా దాటిన దశ) అనీ, మీసోరెక్టల్ ఫేసియా (మలాశయం చుట్టూ ఉన్న కొవ్వును కప్పే పొర) చాలా దూరంగా ఉందనీ, చికిత్స ఏమిటనీ అడిగారు. 'టీ3 అయితే ముందు కీమోరేడియేషన్' అని నోట్సులో రాసుకున్న సూత్రాన్ని పట్టుకుని అదే గుర్తించాను. సరైన జవాబు నేరుగా యాంటీరియర్ రిసెక్షన్, అంటే గడ్డ ఉన్న భాగాన్ని పొట్టవైపు నుంచి తీసి పేగును మళ్లీ కలిపే ఆపరేషన్. ఆ ఎత్తులో ఉన్న గడ్డను పెద్దపేగు క్యాన్సర్‌లాగే చూస్తారు. అక్కడ రేడియేషన్ వల్ల ఒరిగేది తక్కువ, పేగుకూ మూత్రాశయానికీ జరిగే నష్టం ఎక్కువ. ప్రశ్నలోని 13 అనే అంకె మీద నా కళ్లు ఆగనే లేదు.

ఆ అంకె విలువ నాకు వార్డులో అర్థమైంది. నలభై దాటిన ఒక రైతు ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందని వచ్చారు. మొలలనుకుని ఊళ్లో ఒకచోట మందులు, పట్టణంలో మరోచోట ఇంజెక్షన్లు తీసుకున్నారు. ఆ ఎనిమిది నెలల్లో ఆయనను పరీక్షించడానికి ఒక్కరూ చేతికి గ్లౌజు తొడగలేదు. మా ప్రొఫెసర్ గారు నన్ను పరీక్ష చేయమన్నారు. వేలు పూర్తిగా వెళ్లకముందే గట్టిగా, అంచులు పైకి లేచిన పుండు తగిలింది. ప్రొఫెసర్ గారు వరుసగా అడిగారు: గడ్డ కింది అంచు ఎంత దూరంలో ఉంది? వేలితో తోస్తే కదులుతోందా, అతుక్కుపోయిందా? 'బిగపట్టండి' అన్నప్పుడు బిగిసే కండరానికీ గడ్డకూ మధ్య ఖాళీ ఉందా? మలద్వారం నిలుస్తుందా, శాశ్వతంగా కొలోస్టమీ బ్యాగ్ (పొట్ట మీద మలం సంచి) పెట్టాల్సి వస్తుందా అన్నదానికి తొలి జవాబు వేలి కొసనే దొరుకుతుందని ఆ రోజు తెలిసింది. 1908లో మైల్స్ వర్ణించిన ఆపరేషన్‌లో మలద్వారాన్ని పూర్తిగా తీసేసేవారు. ఇప్పుడు గడ్డ కింది అంచుకు దిగువన ఒక సెంటీమీటరు శుభ్రమైన పేగు దొరికినా చాలామందిలో మలద్వారాన్ని కాపాడగలుగుతున్నారు.

మిగతా పరీక్షలు ఎందుకు చేస్తారో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. పేగులో రెండో గడ్డ ఉంటుందేమోనని పూర్తి కొలనోస్కోపీ, గడ్డ స్వభావం తేల్చడానికి బయాప్సీ, ఆ ముక్కమీదే ఎంఎంఆర్ (కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ) పరీక్ష, తర్వాతి ఫాలో అప్‌లో పోల్చుకోవడానికి సీఈఏ అనే రక్తపరీక్ష, వ్యాప్తి చూడటానికి ఛాతీకీ పొట్టకూ సీటీ చేస్తారు. ఛాతీని ఎందుకు వదలకూడదో సిరలే చెబుతాయి: మలాశయం పైభాగపు రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయానికి పోతుంది, కింది భాగపు రక్తంలో కొంత ఇలియాక్ సిరల మీదుగా నేరుగా గుండెకూ అక్కడి నుంచి ఊపిరితిత్తులకూ చేరుతుంది. అందుకే కింది గడ్డల్లో కాలేయం శుభ్రంగా ఉండి, ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించడం జరుగుతుంది.

నా చదువును మలుపు తిప్పింది ఎమ్మారై గది. నెల రోజులపాటు సాయంత్రాలు రేడియాలజీ స్నేహితుడి పక్కన కూర్చున్నాను. తెల్లగా మెరిసే కొవ్వు మధ్యలో బూడిద రంగు గడ్డ, ఆ కొవ్వు చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లని గీత. ఆ గీతే మీసోరెక్టల్ ఫేసియా. గడ్డకూ దానికీ మధ్య ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువ ఉంటే అంచు, అంటే ఆపరేషన్‌లో కోసే పక్క హద్దు, ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. చిత్రపు కోతలు గడ్డ పొడవుకు లంబంగా పడకపోతే గోడ అంచు చెదిరినట్టు కనిపించి, టీ2 (గోడ దాటని గడ్డ) కాస్తా టీ3గా రిపోర్టులోకి ఎక్కే అవకాశం ఉందని అక్కడే చూశాను. గోడ దాటి ఎంత లోతుకు పోయిందన్నది టీ3లో ముఖ్యం: 1 మి.మీ. లోపు ఏ, 5 వరకు బీ, 15 వరకు సీ, ఆపైన డీ. గోడ బయటి సిరలోకి గడ్డ పాకితే దాన్ని ఈఎంవీఐ అంటారు. అలాంటి సిర లావెక్కి, లోపల బూడిద రంగు నిండి పాములా కనిపించిన ఆ చిత్రం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. కటి పక్కగోడ లింఫు గ్రంథుల్లో పొట్టి కొలత 7 మి.మీ. చేరితే దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ఇంకొక సంగతి: కిందికి వచ్చేకొద్దీ మీసోరెక్టమ్ కొవ్వు గరాటులా సన్నబడుతుంది. అందువల్ల 10 సెంటీమీటర్ల దగ్గర భయం లేని లోతే 4 సెంటీమీటర్ల దగ్గర అంచును తాకుతుంది.

ఈ గీతను మనసులో పెట్టుకున్నాక ట్రయల్స్ పట్టిక కథలా మారింది. 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ హీల్డ్, మలాశయాన్ని దాని కొవ్వు పొట్లంతో సహా చెక్కుచెదరకుండా తీస్తే గడ్డ అక్కడే తిరగబెట్టడం తగ్గుతుందని చెప్పారు. 1986లో లీడ్స్‌లో పాథాలజిస్టు క్విర్క్, తీసిన నమూనాను అడ్డంగా ముక్కలు కోసి, పక్క అంచున మిగిలిన గడ్డే తిరిగి వస్తోందని చూపించారు. 2001లో డచ్ ట్రయల్, మంచి శస్త్రచికిత్సకు తోడు ముందు 5 రోజుల్లో 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) ఇస్తే రెండేళ్లలో స్థానికంగా తిరగబెట్టడం 8.2 శాతం నుంచి 2.4 శాతానికి తగ్గుతుందని చూపింది. 2004లో జర్మన్ ట్రయల్, కీమోరేడియేషన్‌ను ఆపరేషన్ తర్వాత ఇవ్వడం కంటే ముందు ఇవ్వడం మేలని తేల్చింది. ఐదేళ్లకు స్థానికంగా తిరగబెట్టడంలో 13 శాతం, 6 శాతం అన్న తేడా అక్కడిదే. 2023లో వచ్చిన ప్రాస్పెక్ట్ ట్రయల్, అంచు దూరంగా ఉన్న ఎంపికచేసిన రోగుల్లో ఫాల్‌ఫాక్స్ కీమోతోనే నడిపి, స్పందన చాలని వారికే రేడియేషన్ ఇచ్చినా ఫలితం తగ్గదని చూపింది.

మా రైతు విషయంలో ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల వైద్యులు కలిసి చికిత్స నిర్ణయించే సమావేశం) జరిగిన చర్చే టోటల్ నియోఅడ్జువెంట్ థెరపీ (రేడియేషన్, కీమో రెండూ ఆపరేషన్‌కు ముందే ఇవ్వడం) మీద నేను విన్న అతి మంచి పాఠం. గడ్డ 5 సెంటీమీటర్ల దగ్గర, టీ3సీ, ఈఎంవీఐ ఉంది, ఫేసియాకు మిల్లీమీటరు కూడా ఖాళీ లేదు. ఒక కీమో వైద్యుడు రాపిడో అనే ట్రయల్ పద్ధతిలో 5 రోజుల రేడియేషన్, ఆపై కీమో అన్నారు. దూర వ్యాప్తిని ఆ పద్ధతి తగ్గించింది, గడ్డ పూర్తిగా మాయమైనవారి శాతాన్ని 14 నుంచి 28కి పెంచింది. రేడియేషన్ వైద్యురాలు అదే ట్రయల్ ఐదేళ్ల ఫలితాల్లో గడ్డ అక్కడే తిరగబెట్టడం 6 శాతానికి బదులు 10 శాతం ఉందని గుర్తుచేసి, ఇంత కిందికి ఉండి అంచు ప్రమాదంలో ఉన్న గడ్డకు 28 విడతల్లో 50.4 గ్రే, దానితోపాటు కేపసిటబిన్ అనే కీమో మాత్ర, ఆ తర్వాత కీమో ఇద్దామన్నారు. చివరికి ఆమె మాటే నిలిచింది. ఒకే ట్రయల్‌లోని రెండు అంకెలు ఒకే బల్ల మీద ఎదురెదురుగా నిలబడటం చూశాక వాటిని నేను మళ్లీ మరచిపోలేదు.

చికిత్స తర్వాత గడ్డ పూర్తిగా మాయమైతే ఆపరేషన్ ఆపి కనిపెట్టుకుని ఉండవచ్చని సావో పౌలోలో సర్జన్ హబ్ర్-గామా 2004లో చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. ఓప్రా ట్రయల్‌లో రేడియేషన్ ముందు, కీమో తర్వాత ఇచ్చినవారిలో మూడేళ్లకు సగానికి పైగా, అంటే 53 శాతం, మలాశయాన్ని కాపాడుకున్నారు. తిరిగి మొలిచేవాటిలో అత్యధికం మొదటి రెండేళ్లలోనే, పేగు గోడలోనే వస్తాయి కాబట్టి వేలూ స్కోపూ వాటిని పట్టుకుంటాయి. ఎంఎంఆర్ లోపం ఉన్న గడ్డల సంగతి వేరు: 2022లో డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చిన తొలి 12 మందిలో 12 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది. అందుకే బయాప్సీ రిపోర్టులో ఆ ఒక్క వాక్యం చదవకుండా చికిత్స జవాబు గుర్తించకండి. రోగి చిన్న వయసువారైతే పొత్తికడుపు రేడియేషన్‌కు ముందే సంతానం గురించి మాట్లాడాలన్నది కూడా ప్రణాళికలో భాగమే. మన వార్డుల్లో ఈ మాట ఎత్తకపోవడం నన్ను బాధిస్తుంది.

మా రైతుకు గడ్డ బాగా కుంచించుకుపోయినా చిన్న పుండు మిగిలింది కాబట్టి కనిపెట్టుకుని ఉండే మార్గం కుదరలేదు. మలద్వారాన్ని కాపాడి, తాత్కాలికంగా ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట మీదికి తెరవడం) పెట్టి ఆపరేషన్ చేశారు. రెండు వారాల తర్వాత పాథాలజీ రిపోర్టు వచ్చింది: వైపీటీ2 ఎన్0 (చికిత్స తర్వాత గడ్డ గోడలోనే ఉంది, లింఫు గ్రంథుల్లో లేదు), పక్క అంచు 6 మి.మీ. పరీక్షకు ముందు చివరి వారం ఆ పాత పట్టికను పక్కనపెట్టి, కేస్ షీట్ నుంచి పేరు లేకుండా ఎత్తిరాసుకున్న ఆ మొదటి ఎమ్మారై కొలతలనూ ఈ రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని, రెండింటి మధ్య జరిగిన ప్రతి నిర్ణయాన్నీ కారణంతో సహా తెల్ల కాగితం మీద రాసుకున్నాను.