అమ్మ చేతిలో జాయ్‌కాన్
బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి చుట్టాలెవరొచ్చినా నేను టీవీలో పెట్టేది సూపర్ మారియో పార్టీయే. 2018లో నింటెండో స్విచ్ అనే గేమింగ్ పరికరం కోసం వచ్చిన ఈ ఆటలో 80 మినీగేమ్‌లున్నాయి. నలుగురు కలిసి ఆడొచ్చు, మనిషికొక జాయ్‌కాన్ (చేత్తో పట్టుకునే చిన్న కంట్రోలర్) చాలు. నాకు బాగా ఇష్టమైనది పెనం మీద చదరపు మాంసం ముక్కను వేయించే ఆట. జాయ్‌కాన్‌ని పెనం కాడలా పట్టుకుని ఎగరేస్తే ముక్క దొర్లుతుంది. అన్ని వైపులా ముందు వేయించినవాళ్లదే గెలుపు. జాయ్‌కాన్ లోపలున్న జైరోస్కోప్, యాక్సెలరోమీటర్ అనే సెన్సర్లు మణికట్టు కదలికను పసిగడతాయి.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మ అంతకుముందు వీడియోగేమ్ ముట్టుకోలేదు. "ఇందులో ఏముందిరా, దోసె తిరగేసినట్టేగా" అంటూ తమ్ముణ్ని ఓడించేసింది! బటన్లు నేర్పాల్సిన పనే లేదు, అందుకే నాకీ ఆటంటే అంత ఇష్టం. ఆడేటప్పుడు మణికట్టు పట్టీ మాత్రం తప్పకుండా వేసుకోండి.