భయం ఎంత, నొప్పి ఎంత

ఎడమ ముంగాలి (మోకాలి కింద ముందువైపు) ఎముకలో సన్నటి పగులు ఉందని ఎమ్మారైలో తేలేసరికి, అప్పటికే పదహారు రోజులు ఆ కాలితోనే ఉరికిన. మొదటి వారం తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఇట్లా ఉరుకుడు ఒత్తిడికి వచ్చే పగులు (స్ట్రెస్ ఫ్రాక్చర్) తొలి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలే. ఆ సంగతి తెలియక పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద మళ్లీ మొదలుపెట్టిన. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసమని వారానికి 32 కిలోమీటర్లు ఉన్నదాన్ని మూడు వారాల్లో 54కు ఎక్కించిన. దమ్ము తొందరగా పెరుగుతుంది, ఎముక గట్టిపడటానికి నెలలు కావాలి.

కండ నొప్పైతే జానెడు మేర పరుచుకుంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. ఎముకదైతే రూపాయి బిళ్లంత జాగాలోనే ఉంటుంది, ఉరికేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే పండుకున్నా సలుపుతుంది. అక్కడ బామ్ రాసి మర్దన చేయించొద్దు. ఎముకల నొప్పి అనంగనే మా నల్గొండ జిల్లాలో ముందు వచ్చే మాట నీళ్లలోని ఫ్లోరైడ్. నా రిపోర్టులో దొరికింది మాత్రం విటమిన్ డి లోపం. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం కింద లెక్క, నాకు 14 ఉంది. వారానికొకటి 60,000 యూనిట్ల గోళీ, ఎనిమిది వారాలకు రాశారు.

మూడు వారాలు కాలు కదలకుండా పట్టే బూటు, మొత్తం ఏడు వారాలు ఉరుకుడు బంద్. మొదటి పది రోజులు కాలి కన్నా మనసే ఎక్కువ సతాయిస్తుంది. పొద్దుగాల నాలుగున్నరకు మెలకువ, ఊరికే చిరాకు, తిన్న ప్రతి ముద్దకూ లెక్క. రోజూ ఉరికేటోళ్లు ఒక్కసారి ఆపితే ఇట్లనే ఉంటుంది, మనిషి చెడిపోయినట్టు కాదు. ఆ గంటను ఖాళీగా వదలొద్దు. అదే టైముకు లేచి, డాక్టర్ ఒప్పుకున్న మేరకు కూర్చుని చేసే కసరత్తులు చేసిన. ఉరుకుడు యాప్ ఫోన్లోంచి తీసేసిన. వేరేవాళ్ల కిలోమీటర్లు చూసుకుంట కూర్చుంటే నిద్ర ఇంకా పోతుంది.

మళ్లీ మొదలుపెట్టేముందు మూడు పరీక్షలు: వరుసగా ఐదు రోజులు అరగంట నడిచినా నొప్పి ఉండొద్దు, వేలితో నొక్కితే నొప్పి ఉండొద్దు, ఆ ఒక్క కాలి మీద పదిసార్లు గెంతినా ఉండొద్దు. తర్వాత దినం విడిచి దినం, ఒక నిమిషం ఉరుకుడు, నాలుగు నిమిషాల నడక, ఐదు విడతలు. రెండు రోజులు సాఫీగా పోతేనే రెండు నిమిషాల ఉరుకుడు, మూడు నిమిషాల నడక అని మార్చాలి. కండ నొప్పి కొంత ఉన్నా నడుస్తుంది కానీ, ఎముక విషయంలో సున్నా తప్ప ఏదీ ఒప్పుకోవద్దు.

చిక్కు వచ్చేది ఇక్కడే. మొదటి నిమిషంలోనే కాలు లాగినట్టు అనిపిస్తుంది. ఆ భయంతో ఎడమ పాదం మెల్లగా వేస్తుంటే బరువంతా కుడివైపు పడి, నాలుగో రోజుకు కుడి తుంటి పట్టేసింది. అందుకే నోటుబుక్కులో రెండు గళ్లు గీసిన: భయం, నొప్పి, రెండింటికీ పదికి మార్కులు. మొదటి పేజీలో భయం 7, నొప్పి 0. మూడోసారి భయం 8, నొప్పి 1, పక్కన 'పిక్క' అని. ఐదోసారి మళ్లీ 1, ఈసారి 'మడమ'. ఏ జాగా అన్నది తప్పకుండా రాయాలి. పగులు ఉన్న నొప్పి జాగా మారదు, ఇది రోజుకొక చోటికి పోయింది. పాత జాగాలోనే 1 వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపి నడుచుకుంట ఇంటికి రావాలి, రెండు రోజులు ఆగి కింది మెట్టు నుంచి ఎక్కాలి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికే. మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగుకూ ఒక మార్కు వేయాలి.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ఆఫీసులో కూర్చున్నా చేయి దానంతట అదే ముంగాలి మీదికి పోతుంది. రోజుకు ఇరవైసార్లు నొక్కితే బాగున్న ఎముక కూడా కందినట్టు నొస్తుంది, దాన్ని చూసి మళ్లీ పగిలిందనుకుంటం. ఇప్పుడు పొద్దున ఒక్కసారే, చాయ్‌కి ముందు.