విట్నీ పర్మిట్ సంపాదించి, ఎక్కి దిగిన కథ

కాలిఫోర్నియాలో మౌంట్ విట్నీ ఎక్కొచ్చామని చెప్పగానే మనవాళ్లు మొదట అడిగేది, "పర్మిట్ ఎలా దొరికింది?" అని. కష్టం మొదలయ్యేదే అక్కడ కాబట్టి నేనూ అక్కణ్నుంచే చెబుతాను.

అమెరికాలో నేషనల్ ఫారెస్టులు వేరు, నేషనల్ పార్కులు వేరు. ఫారెస్టుల్ని చూసుకునేది వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్. చాలా చోట్ల గేటూ ఉండదు, టికెట్టూ ఉండదు. కారు ఆపుకుని నడక మొదలుపెట్టడమే. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. విట్నీ దారి మొదలయ్యే ఇన్యో నేషనల్ ఫారెస్టులో మాత్రం ఆ దారికి గట్టి లెక్క ఉంది. అలాస్కాని పక్కన పెడితే దేశంలో దీన్ని మించిన ఎత్తు లేదు, 14,505 అడుగులు. అందుకే అందరి కన్నూ దీనిమీదే. మే 1 నుంచి నవంబర్ 1 దాకా రోజుకి 100 మందిని ఒక్కరోజు నడకకి, 60 మందిని రాత్రి బసకి వదులుతారు. అంతే.

దానికి లాటరీ. రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 దాకా అప్లై చేయాలి, మార్చి 15న ఫలితం. తిరుమల ఆర్జిత సేవలకి ఆన్‌లైన్ డిప్ ఎలాగో ఇదీ అలాగే. ముందు కట్టినవాళ్లకి ముందు అనేది లేదు, అర్ధరాత్రి లేచి కూర్చోనక్కర్లేదు. అప్లికేషన్‌కి 6 డాలర్లు, తగిలితే మనిషికి మరో 15.

మేం నలుగురం: నేను, మా ఆయన, తమ్ముడు, మరదలు. అప్లికేషన్‌లో మనకి కావాల్సిన తేదీలు ఇవ్వాలి. తమ్ముడు శనివారాలే పెడదామన్నాడు.

"వారం మధ్యలో అంటే సెలవు దొరకదేమో అక్కా."

"సెలవు బతిమాలుకోవచ్చురా, లాటరీని బతిమాలగలమా?"

చివరికి జులై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా మంగళ, బుధ, గురువారాలు వరసగా పెట్టాం. మనం ఇచ్చిన వరసలోనే తేదీలు చూస్తారు. ఆ రోజుకి మిగిలిన చోటు మన గుంపుకి సరిపోకపోతే తర్వాతి తేదీకి వెళ్తారు. అందుకే గుంపు చిన్నదైతే మేలు. ఇంకొకటి, గుంపు లీడర్‌తో పాటు ప్రత్యామ్నాయ లీడర్ల పేర్లు కూడా అప్పుడే రాయండి. పర్మిట్ ఇంకొకరి పేరు మీదకి మారదు. ఆ పేర్లు రాయకపోతే, లీడర్‌కి జ్వరం వస్తే అందరి ప్రయాణం ఆగిపోతుంది.

మాకు ఆగస్టు చివర్లో ఒక బుధవారం వచ్చింది. ఆనందంలో మరిచిపోకుండా ఏప్రిల్ 21లోపు డబ్బు కట్టి ఖాయం చేసుకోవాలి. కట్టనివాళ్ల తేదీలు మర్నాడు అందరికీ తెరుస్తారు కాబట్టి, లాటరీలో రానివాళ్లు ఏప్రిల్ 22 రాసి పెట్టుకోండి.

ఇక ఎవరూ నోరు విప్పి చెప్పని విషయం. పైన టాయిలెట్లు లేవు. ఒకప్పుడు ఉండేవి, తీసేశారు. మల విసర్జనకి 'వ్యాగ్ బ్యాగ్' అనే సంచి వాడి, మూటకట్టి, మనమే కిందికి మోసుకురావాలి. మరదలు ఇది విని రానంటే రానంది. నేను ఇంట్లోనే సంచి విప్పి చూపించాను. లోపల వాసననీ తడినీ పట్టే పొడి ఉంటుంది, పైన గట్టి జిప్ ఉంటుంది. ఆ ఎత్తున అంతా బండరాయే, పూడ్చడానికి మట్టి ఉండదు. అందరూ తాగే నీళ్లు ఆ దారిలోని చెరువులవే. ఆ మాట చెప్పాక తను మళ్లీ కాదనలేదు. దారిలో రాళ్ల పక్కన ఎవరో వదిలేసిన సంచులు చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది.

ఎత్తు అలవాటు కావడానికి ముందు రాత్రి దాదాపు పదివేల అడుగుల ఎత్తున్న హార్స్‌షూ మెడోలో టెంట్లు వేసుకున్నాం. ఆ చలికి నిద్ర సరిగా పట్టలేదు కానీ, మర్నాడు ఎవరికీ తలనొప్పి రాలేదు. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే ఎక్కడున్నా అందరం దిగిపోదామని ముందే ఒప్పందం చేసుకున్నాం.

నడక మొదలయ్యే విట్నీ పోర్టల్ నుంచి రానూపోనూ 22 మైళ్లు, ఆరువేల అడుగులకి పైగా ఎక్కాలి. తలకి లైట్లు కట్టుకుని రెండు గంటల రాత్రికే బయల్దేరాం. దారిలో టెంట్లు వేసుకునే చోటైన ట్రెయిల్ క్యాంప్ దగ్గర నీళ్లు ఫిల్టర్ చేసి నింపుకున్నాం, ఆ పైన నీళ్లని నమ్ముకోలేం. అక్కడే పులిహోర పొట్లాలు విప్పాం. మార్మట్లతో, అంటే లావుపాటి ఉడతల్లాంటి కొండ జంతువులతో జాగ్రత్త, బ్యాగు కింద పెట్టి పక్కకి వెళ్తే కొరికేస్తాయి. తర్వాత '99 స్విచ్‌బ్యాక్స్' అనే మలుపులు. మోకాళ్లకీ మనసుకీ పరీక్ష అదే. నాలుగడుగులు, ఒక ఊపిరి, మళ్లీ నాలుగడుగులు.

శిఖరం మీద 1909లో కట్టిన రాతి గుడిసె ఉంది. అక్కడ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. ఎక్కువసేపు ఉండలేదు. వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు వస్తాయి, పిడుగుకి ఆ గుడిసె కూడా రక్షణ కాదు. పన్నెండు కొట్టేలోపే మలుపులు దిగడం మొదలుపెట్టాం.

వచ్చే వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. నాన్న రోజూ నడిచే మనిషి, అమ్మకీ ఓపిక ఉంది. ముందు రోజు కొండమీదే ఉంచి, ఈ దారిలోనే కింద ఉండే లోన్ పైన్ లేక్ అనే చెరువు దాకా మెల్లగా తీసుకెళ్తాను. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే, అక్కడి వరకూ పర్మిట్ అక్కర్లేదు.