సేఫ్టీ స్టాక్ లెక్క తేలిన తీరు: నా అనుభవం

సరుకు కొరత రాకుండా అదనంగా అట్టిపెట్టుకునేదే సేఫ్టీ స్టాక్. అది ఉన్నా మా గోడౌన్‌లో విడిభాగాల కొరత మాటిమాటికీ ఎందుకొస్తోందో డేటా చూసి తేల్చమన్నారు. అమ్మకాల అంచనా సరిగ్గా లేదన్నది అందరి మాట. ఫోర్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్ కొనడానికి కొటేషన్లు కూడా వచ్చేశాయి. కొనేముందు చేతిలో ఉన్న డేటా చూద్దామని ఎక్సెల్ తెరిచాను.

తేదీల దగ్గరే టెన్షన్ మొదలైంది. సిస్టమ్‌లో చూస్తే సరుకు దాదాపుగా నెలాఖరులోనే అందినట్టు ఉంది. స్టోర్స్‌లో అడిగితే సంగతి తెలిసింది. అక్కడ పడేది బండి వచ్చిన తేదీ కాదు, బిల్లు ఎక్కించిన తేదీ. బిల్లులేమో పోగేసి నెలాఖరులో ఒకేసారి ఎక్కిస్తారు. అసలు తేదీలు సెక్యూరిటీ వాళ్ల గేటు రిజిస్టర్‌లో ఉన్నాయి, చేతిరాతలో! వాటిని ఎక్కించడానికి పట్టినంత సమయం మిగతా పనంతటికీ పట్టలేదు.

ఇంకో తిరకాసు: సరుకు లేని రోజున అమ్మకం సున్నా. ఆ సున్నాని డిమాండ్ లేదని లెక్కేస్తే సగటు పడిపోతుంది, తర్వాతి ఆర్డర్ ఇంకా తగ్గుతుంది. ఆ రోజుల్ని తీసేశాను.

ఇక లెక్క. ఒక బేరింగ్ తీసుకుందాం, అంకెలు సులువు కోసం సవరించాను. రోజుకు సగటున 40 పోతాయి, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా) 12. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి సగటున 9 రోజులు. నూటికి 95 సార్లు కొరత రాకూడదంటే, ఆ 95 శాతానికి వాడే గుణకం 1.65ని 12తో, 9 వర్గమూలంతో గుణించాలి. సేఫ్టీ స్టాక్ సుమారు 59 వస్తుంది. మేం పెట్టుకున్నదీ అంతే. కానీ గేటు రిజిస్టర్ ప్రకారం ఆ 9 రోజులకే 3 రోజుల డీవియేషన్ ఉంది. దాన్నీ కలిపితే, అంటే డిమాండ్ తేడా 36 (12 × 3), రోజుల తేడా వల్ల వచ్చే 120 (40 × 3), ఈ రెండింటి వర్గాలు కూడి, వర్గమూలాన్ని 1.65తో గుణిస్తే, సేఫ్టీ స్టాక్ 207కి ఎగబాకింది.

అంచనా బాగా మెరుగుపడి డిమాండ్ డీవియేషన్ 12 నుంచి 6కి దిగిందనుకోండి, 207 కాస్తా 200 అవుతుంది. అంతే! అదే సరుకు వచ్చే రోజుల తేడా 3 నుంచి 1కి దిగితే 89 చాలు. సాఫ్ట్‌వేర్ మాట అక్కడితో ఆగింది.

ఈ తేదీలు పట్టుకుని సప్లయర్‌తో కూర్చున్నాం. ఆయనా తన లెక్కలు తీశారు. మా ఆర్డర్లన్నీ నెల మొదటి వారంలోనే కుప్పగా వచ్చిపడుతున్నాయి, మిగతా వారాల్లో ఆయన లైన్ ఖాళీ. ఆర్డర్లు ఇలా పోగుపడితే సరఫరా గొలుసులో వెనక్కి వెళ్లేకొద్దీ ఒడిదుడుకులు పెరుగుతాయి. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. ఇప్పుడు వారం వారం చిన్న ఆర్డర్లు పెడుతున్నాం, ఆలస్యాలు బాగా తగ్గాయి.

ఏడాదికి రెండు మూడుసార్లే కదిలే భాగాలకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. వాటికి 1972లో క్రోస్టన్ అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతి ఉంది: ఎన్ని అడుగుతారు, ఎన్నాళ్లకోసారి అడుగుతారు అన్నవి విడివిడిగా అంచనా వేయాలి. ప్రస్తుతం ఆ జాబితా ముందేసుకుని కూర్చున్నాను.