మబ్బుని గూట్లోకి పిలిచిన ఆరు వారాలు

మంచం కింద గోడ మూలకి నక్కి కూర్చుంది మా పిల్లి మబ్బు. కళ్లలో నలుపు తప్ప ఇంకో రంగు కనిపించడం లేదు. చెవులు రెండూ తలకి అంటుకుపోయాయి. ఇటు నేను, అటు మా ఆయన, నేల మీద పడుకుని చేతులు చాపుతున్నాం. వెట్ దగ్గర, అంటే జంతువుల డాక్టరు దగ్గర, అపాయింట్‌మెంట్‌కి ఇరవై నిమిషాలే ఉంది. గుమ్మంలో నిలబడి మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఏడుస్తోంది.

చివరికి దుప్పటి కప్పి పట్టుకున్నాం. పిల్లిని తీసుకెళ్లే పెట్టె, అదే క్యారియర్, తలుపులోంచి తోస్తుంటే నాలుగు కాళ్లూ బార్లా చాపి దాని అంచుకి తన్నిపెట్టింది. ముందుకాలి గోరు ఒకటి తలుపు ఊచల్లో ఇరుక్కుంది. అది విడిపించబోతే మా ఆయన ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి. సన్నగా, పొడుగ్గా, కాసేపటికి రక్తం చిమ్మే గీతలు. దారి పొడుగునా మబ్బు గొంతులోంచి వచ్చింది మామూలు మ్యావ్ కాదు, ఎక్కడో కడుపులోంచి వచ్చే మూలుగు. కారు ఆగేసరికి లోపలంతా తడిపేసుకుంది.

వెనక సీట్లోంచి మా అమ్మాయి ఇంగ్లీషులో ఒక్క మాట అంది. అది మనల్ని నమ్మింది కదమ్మా, ఇప్పుడు మన గురించి ఏమనుకుంటుంది అని.

నేను జవాబు చెప్పలేదు. మంచి కోసమే కదా, ఒక్క నిమిషం గట్టిగా పట్టుకుంటే పని అయిపోతుంది కదా అని నా మనసులో ఉంది. నేను అలాగే పెరిగాను. మందు మింగనని మొండికేస్తే ఇద్దరు పట్టుకుని ఒకరు పోసేవాళ్లు, తర్వాత ఎత్తుకుని ముద్దు చేసేవాళ్లు. అందులో ప్రేమ లేదని ఈ రోజుకీ అనను. కానీ మా అమ్మాయికి ఇక్కడ స్కూల్లో చేరిన మొదటి ఏడాదే నేర్పింది వేరు. ఎవరినైనా ముట్టుకునే ముందు అడగాలి, వద్దంటే ఆగాలి. పిల్లిని అడిగి తీసుకెళ్తామా అని నాకు అనిపించేది. అడక్కుండా ఎలా తీసుకెళ్తారు అని మా అమ్మాయికి అనిపించేది.

ఆ తర్వాత రెండు రోజులు మబ్బు మంచం కింద నుంచి బయటికి రాలేదు. రాత్రి మేం పడుకున్నాక వచ్చి నీళ్లు తాగి వెళ్లిపోయేది. క్యారియర్ ఉన్న అల్మరా వైపు కూడా చూసేది కాదు.

ఆదివారం మా అమ్మకి వీడియో కాల్ చేసినప్పుడు ఈ గొడవంతా చెప్పాను. క్యారియర్ అనగానే అమ్మకి భోజనం పెట్టుకెళ్లే క్యారియరే గుర్తొచ్చింది, దాన్లో పిల్లి ఎలా పడుతుందని కంగారుపడింది. ఫోన్ తిప్పి చూపించాను. చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. మీరు కొట్టలేదులే, కానీ దానికి పారిపోయే దారి లేకుండా చేశారు. పిల్లిని పట్టుకోకూడదే, మచ్చిక చేసుకోవాలి" అంది.

పక్కనే ఉన్న మా అమ్మాయి "మచ్చిక అంటే?" అని అడిగింది. ఇంగ్లీషులో చెబుదామని రెండు మూడు మాటలు వెతికాను. ఒకటి మరీ సర్కస్ జంతువులకి వాడే మాట, ఒకటి ఉత్త నమ్మకం. ఏదీ సరిపోలేదు. అమ్మే చెప్పింది. "భయపడేది ఉందనుకో, అది తనంతట తనే నీ దగ్గరకి వచ్చేదాకా ఓపిక పట్టడం తల్లీ."

నేను ఇన్నాళ్లూ బలవంతం మన పద్ధతి, అడగడం ఇక్కడి పద్ధతి అని రెండు గళ్లు గీసుకుని కూర్చున్నాను. మా అమ్మాయి స్కూల్లో నేర్చుకున్నదానికి నా భాషలో ఎప్పటి నుంచో మాట ఉంది. నేనే దాన్ని వాడటం మర్చిపోయాను.

మర్నాడు వెట్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడి నర్సు చాలా ఓపిగ్గా దారి చెప్పింది. మొదట చెప్పింది, క్యారియర్‌ని అల్మరాలోంచి శాశ్వతంగా బయటికి తీయమని. ఏడాదికి ఒకసారి మాత్రమే కనిపించే వస్తువు, కనిపించిన ప్రతిసారీ కష్టమే తెస్తే ఏ ప్రాణి అయినా దాన్ని చూడగానే పారిపోతుంది. ఎప్పుడూ హాల్లోనే ఉంటే అదొక సామాను అయిపోతుంది. మాది గట్టి ప్లాస్టిక్‌ది, పై సగం విడిగా ఊడొస్తుంది. కొత్తగా కొనేవాళ్లెవరైనా ఇలాంటిదే చూసుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

కింది సగాన్ని మాత్రం హాల్లో కిటికీ పక్కన పెట్టాం. మా అమ్మాయి తను రాత్రుళ్లు వేసుకునే పాత టీషర్టు ఉతక్కుండా తెచ్చి పరిచింది. రోజూ నాలుగు ట్రీట్లు, అదే పిల్లి చిరుతిండి, అందులో వేసి వెళ్లిపోవడమే మా పని. చూడకూడదు, పిలవకూడదు, లోపలికి వచ్చిందని చప్పట్లు కొట్టకూడదు. మొదటి మూడు రోజులు మబ్బు వెనక కాళ్లు బయటే ఉంచి, మెడ సాగదీసి ట్రీట్లు అందుకుంది. నాలుగో రోజు నాలుగు కాళ్లూ లోపల పెట్టింది. వారం తిరిగేసరికి టీషర్టు మీద ముడుచుకుని నిద్రపోతోంది.

అప్పుడు పై సగం బిగించాం, తలుపు లేకుండా. తర్వాత తలుపు పెట్టాం, తెరిచే ఉంచి. ఆ తర్వాత తలుపు గడియ. అసలు చిక్కంతా ఇక్కడే. క్లిక్‌మనే ఆ చిన్న చప్పుడుకి మబ్బు చెవులు వెనక్కి తిరిగేవి. మనకి వినపడనంత సన్నని కీచు శబ్దాలు కూడా పిల్లులు వినగలవు, వాటి పైహద్దు మనం వినే పైహద్దుకి మూడు రెట్ల పైనే. మనకి చిన్నదిగా అనిపించే చప్పుడు వాటికి చిన్నది కాకపోవచ్చు. అందుకని పిల్లి లోపల లేనప్పుడు, దూరంగా, గడియ వేసి ట్రీట్, తీసి ట్రీట్. మా అమ్మాయి హోంవర్క్ చేస్తూ ఎడమ చేత్తో ఈ పని చేసేది. పన్నెండు రోజులు పట్టింది ఒక్క గడియకే.

2018లో వియన్నా పరిశోధకులు 22 పిల్లుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్నిటికి ఆరు వారాలు ఇలా మెట్టు మెట్టుగా క్యారియర్ అలవాటు చేశారు, మిగతావాటికి చేయలేదు. అలవాటు చేసినవాటికి కారు ప్రయాణంలో ఒత్తిడి తక్కువగా ఉందని తేలింది. ఆరు వారాలన్న ఆ లెక్క మాకు ధైర్యం ఇచ్చింది. రెండో వారంలోనే ఇంకా కాలేదేమిటని నేను టెన్షన్ పడుతుంటే, మా అమ్మాయి క్యాలెండర్ చూపించి ఇంకా నాలుగు వారాలుందని చెప్పేది.

పేరు కూడా తనే మార్చింది. క్యారియర్ అంటే అమ్మమ్మకి అర్థం కాలేదు కదా, పక్షి ఇంటిని తెలుగులో ఏమంటారని అడిగింది. గూడు అన్నాను. ఆ రోజు నుంచి అది మబ్బు గూడు. "గూట్లోకి రా, బంగారం" అని పిలిచేది. గూడు గూట్లోకి ఎలా మారిందో నేను చెప్పలేదు, ఒకసారి నా నోటి నుంచి విని పట్టేసింది.

ఇక్కడ నేను ఆగి ఒక మాట చెప్పాలి. మా అమ్మాయి తెలుగు మాట్లాడదని నాకు రెండేళ్లుగా బెంగ. ఆదివారం కాల్ వచ్చేసరికి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేది. బయటికి రమ్మని తలుపు కొట్టేదాన్ని. చేయి పట్టుకుని తెచ్చి ఫోన్ ముందు కూర్చోబెట్టేదాన్ని. అది ఒక వాక్యం మొదలుపెడితే మధ్యలోనే దిద్దేదాన్ని. మంచి కోసమే. ఆ మూడో వారంలో ఒక సాయంత్రం వంటింట్లోంచి విన్నాను, హాల్లో నేల మీద పడుకుని మబ్బుతో తెలుగులో మాట్లాడుతోంది. ఒకటి రెండు మాటలు కాదు, స్కూల్లో జరిగిందంతా. వత్తులు లేవు, ఆడా మగా తేడా లేదు, క్రియలు ఎక్కడ పడితే అక్కడే. మబ్బు కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరుస్తోంది. మా అమ్మాయి కూడా అలాగే మూసి తెరుస్తోంది. అలా నెమ్మదిగా కళ్లార్పితే పిల్లులు తిరిగి అలాగే చేసే అవకాశం ఎక్కువని, దగ్గరకి కూడా వస్తాయని 2020లో సస్సెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించారు. అది తెలిసే చేస్తోందో, పిల్లిని చూసి నేర్చుకుందో తెలియదు. నేను స్టవ్ ఆపి అక్కడే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది.

ఆదివారం నాడు ఫోన్ హాల్లో గూడు పక్కనే పెట్టాను. అమ్మతో నేను మాట్లాడుకున్నాను. ఎవరినీ పిలవలేదు.

ఐదో వారంలో గూడుని ఎత్తి దించడం, తర్వాత గుమ్మం దాకా, తర్వాత కారు దాకా. ఒకరోజు కారు స్టార్ట్ చేసి, ఎక్కడికీ వెళ్లకుండా ఆపేసి ఇంట్లోకి తెచ్చేశాం. చెవులు వెనక్కి వెళ్తే ముందు రోజు మెట్టుకి వెనక్కి రావడమే. మా ఆయన మొదట్లో ఇదంతా ఎందుకన్నా, ఎత్తడం మాత్రం తనే అందరికంటే బాగా నేర్చుకున్నాడు. పైన పిడి పట్టుకుంటే లోపల ఉయ్యాలలా ఊగుతుంది. రెండు చేతులూ అడుగున పెట్టి, గుండెకి ఆనించుకుని తీసుకెళ్లాలి.

అందరికీ ఆరు వారాలు ఉండవు, తెలుసు. రేపే వెళ్లాలంటే ముందుగా పిల్లిని దాక్కునే చోటు లేని చిన్న గదిలోకి తెచ్చి తలుపు వేసుకోండి. క్యారియర్ తలుపు పైకి వచ్చేలా నిలబెట్టి, తువ్వాలులో చుట్టిన పిల్లిని వెనక కాళ్ల వైపు నుంచి మెల్లగా దించండి. తల ముందు పెట్టి తోస్తే మాకు జరిగిందే జరుగుతుంది. మెడ వెనక తోలు పట్టి ఎత్తే అలవాటుంటే దయచేసి మానండి, పిల్లుల డాక్టర్లు ఇప్పుడు దాన్ని వద్దంటున్నారు. మరీ బెదురు పిల్లులకి ప్రయాణానికి ముందు ఇచ్చే మందులున్నాయి, అవి వెట్ రాసిస్తేనే ఇవ్వాలి. ఇంట్లో ఉన్న మనుషుల మందు ఒక్కటి కూడా వద్దు. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

రెండో ప్రయాణం రోజు పొద్దున క్లినిక్ వాళ్లు చెప్పినట్టు తిండి తగ్గించాం, దారిలో వాంతి కాకుండా. బయల్దేరడానికి పావుగంట ముందు టీషర్టు మీద ఫెరోమోన్ స్ప్రే కొట్టి ఆరనిచ్చాం. పిల్లి తన బుగ్గలు రాసి వదిలే వాసనకి నకలు అది. మా అమ్మాయి గూడు పక్కన కూర్చుని పిలిచింది. మబ్బు సోఫా మీద నుంచి చూసింది. ఒళ్లు విరుచుకుంది. దిగి, ఒకసారి గడియని వాసన చూసి, లోపలికి వెళ్లి టీషర్టు మీద రెండు చుట్లు తిరిగి కూర్చుంది. క్లిక్. ఎడమ చెవి ఒక్కటి కదిలింది, అంతే.

పైన తువ్వాలు కప్పి, ముందు సీటు వెనక నేల మీద కదలకుండా పెట్టాం. అరవలేదని చెప్పను, మూడు సార్లు అరిచింది. కానీ అవి మ్యావ్‌లే. క్లినిక్‌లో కుక్కలకి దూరంగా, నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాం. డాక్టరు దాన్ని బయటికి లాగనే లేదు. పై సగం ఊడదీసి, పిల్లి తన పక్క మీదే కూర్చుని ఉండగా గుండె విన్నారు, పొట్ట నొక్కి చూశారు, నోరు తెరిచి చూశారు. గూడు పై సగం ఊడాలని ముందు అన్నది ఇందుకే. వెనక పంటి దగ్గర చిగురు ఎర్రబడిందట. పిల్లులు నొప్పి బయటపెట్టవు. ఇంకో ఏడాది ఆలస్యం చేసి ఉంటే పన్ను తీయాల్సి వచ్చేదేమోనన్నారు.

ఇంటికొచ్చి గడియ తీశాం. మంచం కిందకి పరిగెత్తుతుందనుకుని అందరం దూరంగా జరిగాం. మబ్బు బయటికి రాలేదు. అక్కడే నిద్రపోయింది.

ఆ ఆదివారం కాల్ మొదలవగానే మా అమ్మాయి బాత్రూం వైపు వెళ్లలేదు. గూడు పక్కన నేల మీద కూర్చుని, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మమ్మా, మబ్బు తనే గూట్లోకి వచ్చాడు."

వచ్చింది అనాలి అని నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. అవతల నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"వచ్చాడా తల్లీ? ఎలా వచ్చాడో మొత్తం చెప్పు."